అరువు ముక్కు

"అక్కకి నా మీద కోపం ఉండి చేసిందనుకుంటున్నావేమో, అదేం లేదు. కోపమైతే నయమే, నాలుగు మాటలనుకుని ఎవరి దారిన వాళ్ళం పోయేవాళ్ళం. ముందా పాలు విరిగాయేమో చూసి చెప్పు. మిగతాది తర్వాత చెప్తాను."

ఆమె కథ విని రాసుకోవడానికి వచ్చిన మనిషి పాలగిన్నె దగ్గర ముక్కు పెట్టి చూసి, బాగానే ఉన్నాయని చెప్పాక గానీ ఆమె స్టవ్ వెలిగించలేదు. వెలిగించే ముందు కిటికీ రెండు రెక్కలూ బార్లా తీసింది. గ్యాస్ మీట మీద వేలు పెట్టి, ఎటు తిరిగి ఉందో తడిమి చూసుకుంది. అది మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. కింద లాండ్రీ. మెట్లెక్కి వచ్చిన ప్రతివాళ్ళూ ఆ సబ్బు ఆవిరికీ మాడిన బట్ట కంపుకీ ముఖం చిట్లిస్తారు. అద్దె తక్కువ కావడానికి కారణం ఆ కంపేననీ, ఈ ఊరు మొత్తం మీద ఆ లాభం నూటికి నూరుపాళ్ళూ అనుభవిస్తున్నది తానొక్కతేననీ ఆమె చెప్పుకుని నవ్వుతుంది.

ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు. అయినా పాత కంపెనీ వాళ్ళెవరు కనబడినా "చిన్నమ్మాయి" అనే పిలుస్తారు. ఆ పేరు పెట్టింది ముసలి యజమాని. అక్క అప్పటికే అక్కడ పనిచేస్తూ ఉండేది కనుక అక్క పెద్దమ్మాయి, ఈమె చిన్నమ్మాయి. అది వైన్ కంపెనీ. కొండవాలున ద్రాక్షతోటలు, కింద నేలమాళిగలో వరసగా చెక్కపీపాలు, పైన రెండు గదుల ఆఫీసు. అక్క కింద వైన్ తయారు చేసేది. చెల్లెలు పైన కూర్చుని ఆ వైన్ ఎంత బాగుందో లోకానికి చెప్పేది. పత్రికలకు ప్రెస్ నోట్లు రాయడం, రుచి చూడ్డానికి వచ్చేవాళ్ళను కూర్చోబెట్టడం, సీసా వెనక లేబుల్ మీద నాలుగు వాక్యాలు రాయడం, అన్నీ ఈమె పనే.

అక్క చేరింది సీసాలు కడిగే పనికి. వాళ్ళ నాన్న లారీ డ్రైవరు. అమ్మ ఇంట్లోనే కుట్టుమిషను తొక్కేది. చదువు అక్కకు అబ్బలేదు, ముక్కు అబ్బింది. కడగడానికి వచ్చిన సీసాల్లో ఏది చెడిన బిరడాతో మూసిందో తొట్టి దగ్గర నిలబడే చెప్పేసేదట. ముసలి యజమాని పదిసార్లు పరీక్ష పెట్టి, పదిసార్లూ ఓడిపోయి, ఆ పిల్లను కిందికి తీసుకెళ్ళి చేతికి గాజుగొట్టం ఇచ్చాడు. పీపాలోంచి వైన్ తీసి చూసేది ఆ గొట్టంతోనే. పదేళ్ళకు నేలమాళిగ అంతా అక్క చెప్పినట్టు నడిచేది.

చెల్లెలికి ముక్కు మామూలుదే గానీ మాట మంచిది. ఒక పత్రికలో చిన్న ప్రకటనలు రాసేది. అద్దెకు ఇల్లు, అమ్మకానికి పాత సైకిలు. ఆమె రాసిన సైకిలు ప్రకటన చదివి, సైకిలు తొక్కడం రానివాళ్ళు కూడా కొనడానికి వచ్చారని అక్క ఎక్కడ పడితే అక్కడ చెప్పుకుని, ముప్పై రెండో ఏట ఆమెను కంపెనీలోకి లాక్కొచ్చింది.

మరుసటి ఏడు జ్వరం వచ్చింది. పదకొండు రోజులు మంచాన ఉండి లేచాక ఒంట్లో అన్నీ తిరిగి వచ్చాయి, వాసన తప్ప. కాఫీ వేడినీళ్ళయిపోయింది, వైన్ పుల్లనీళ్ళయిపోయింది. డాక్టరు నెల ఆగమన్నాడు, ఇంకో నెల ఆగమన్నాడు, ఆ తర్వాత ఏమీ అనడం మానేశాడు.

వైన్ కంపెనీ తరఫున మాట్లాడే మనిషికి వాసన తెలియదంటే ఎవరైనా ఉద్యోగంలో ఉంచుకుంటారా? ఆమె రాజీనామా రాసి అక్క చేతికిచ్చింది. అక్క దాన్ని చదవనైనా చదవకుండా నాలుగు మడతలు పెట్టి, కుంటుతున్న బల్ల కాలికింద పెట్టింది. "నా ముక్కు నీది కాదుటే?" అంది.

అలా మొదలైంది మంగళవారాల పని. ప్రతి మంగళవారం పొద్దున్నే ఇద్దరూ కిందికి దిగేవాళ్ళు. అక్క గొట్టంతో వైన్ తీసి, గ్లాసులో తిప్పి, వాసన చూసి చెప్పేది. చెల్లెలు రాసుకునేది. అయితే పళ్ళ పేర్లూ పూల పేర్లూ చెప్తే చెల్లెలికి ఏం తెలుస్తుంది? జ్వరం తర్వాత కొత్త వాసన ఒక్కటి కూడా ఆమెలోకి దిగలేదు. ఉన్నవల్లా జ్వరానికి ముందువి, అంటే ఇద్దరూ కలిసి పెరిగిన ఇంట్లోవి. అందుకని అక్క వాటిలోంచే ఏరి చెప్పేది. ఎండలో నిలబెట్టిన నాన్న లారీ తలుపు తీస్తే వచ్చే సీటు వాసన. మిషనుకు నూనె వేశాక అమ్మ చేతులు. స్కూలు సంచిలో అడుగున పడి మర్చిపోయిన పండు. వానకు తడిసిన అట్టపెట్టె. అక్క ఒక్క ముక్క అంటే చాలు, చెల్లెలి తలలో ఆ వాసన గుప్పున వచ్చేది. ముక్కుతో పని లేకుండా.

ఆమె వాటినే శుభ్రమైన వాక్యాలుగా మార్చి లేబుల్ వెనక వేసింది. మిగతా కంపెనీల సీసాల మీద రాజుల కోటలూ బంగారు అక్షరాలూ ఉంటే, వీళ్ళ సీసా వెనక "స్కూలు సంచిలో మర్చిపోయిన పండు" అని ఉండేది. జనం దుకాణంలో సీసా తిప్పి చదివి, పక్కవాళ్ళకు చదివి వినిపించి మరీ కొనేవాళ్ళు. తాగడానికి ఒకటి, చదవడానికి ఒకటి కొంటున్నామని ఉత్తరాలు రాసినవాళ్ళున్నారు. పత్రికల వాళ్ళు వచ్చి తెల్లగుడ్డ పరిచిన పొడుగు బల్ల చుట్టూ కూర్చుని, గ్లాసులు తిప్పి, పుక్కిలించి పక్కనున్న బకెట్లో ఉమ్మేస్తుంటే ఆమె అందరికీ వంచిపోస్తూ తిరిగేది. తాను మాత్రం గ్లాసు ఎత్తేది కాదు. అతిథుల ముందు తాగకపోవడం ఆమె మర్యాద అనుకునేవాళ్ళు. ఇరవై ఒక్కేళ్ళు అలాగే అనుకున్నారు.

ఆ పత్రికల వాళ్ళలో ఎప్పుడూ రానివాడు ఒకడుండేవాడు. ఆదివారం పత్రికలో వైన్ గురించి కాలమ్ రాసేవాడు. పెన్నుతో రాయడు, పెన్సిలుతోనే రాస్తాడు. వైన్ మారుతుంది గనుక తన మాట చెరిపేసుకునే వీలుండాలంటాడు. అందరూ పెన్సిలాయన అనేవాళ్ళు. విందులకు రాడు, బహుమతి పంపితే వెనక్కి పంపేస్తాడు. అతను బాగుందని రాస్తే దుకాణాల్లో అరలు ఖాళీ, బాగోలేదని రాస్తే గోడౌన్లు నిండు.

అతనికి శాంపిల్ సీసాలు పంపేటప్పుడు ఆమెది ఒక పద్ధతి. ఆ వ్యాపారంలో ఒక రహస్యం ఉంది, రహస్యమని పేరే గానీ తెలియనివాడు లేడు. రుచి చూసి రాసేవాళ్ళకు పంపే సీసాలు అన్నిటికంటే మంచి పీపాలోంచి నింపుతారు, దుకాణానికి పంపేవి మిగతా వాటిలోంచి. లేబుల్ ఒకటే, లోపలి సరుకు వేరు. పెన్సిలాయన ఆ దెబ్బ చాలాసార్లు తిన్నాడు. అందుకని మొదటిసారి సీసాలు పంపినప్పుడే ఆమె సీసా మెడకు ఒక చీటీ కట్టింది. "మీకు పంపినదీ దుకాణంలో దొరికేదీ ఒకటే." కింద సంతకం. అతను దుకాణానికి వెళ్ళి కొని పోల్చి చూశాడట. ఒకటే. తర్వాత రెండేళ్ళు పోల్చి చూసి, ఆ తర్వాత మానేశాడు. చీటీ ఉంటే చాలు.

ఆ చీటీ రాసే ముందు ప్రతిసారీ ఆమె మెట్ల మీద నిలబడి కిందికి కేకేసేది. "రెండూ ఒకటేనా అక్కా?" కిందినుంచి జవాబు వచ్చేది. "ఒకటే."

ఇంతే. ఇరవై ఏళ్ళ పాటు ఆమె మాటకు ఆధారం ఆ ఒక్క ముక్కే. ఆమె గౌరవమంతా దాని మీదే నిలబడి ఉంది.

ముసలి యజమాని పోయాడు. కూతురికి వ్యాపారం పట్టదు, అల్లుడు వచ్చి కూర్చున్నాడు. అంతకుముందు టైల్స్ అమ్మేవాడు. చెడ్డవాడని కాదు, టైల్స్ మనిషి, అంతే అంటుంది ఆమె. ప్రతి పెట్టెలోనూ ఒకే రంగు రావాలంటాడు. ఆ ఏడు కోతల సమయంలో తొమ్మిది రోజులు ఆగకుండా వాన కురిసింది. పళ్ళు నీళ్ళు తాగి ఉబ్బాయి. వైన్ పలచగా వచ్చింది. నలభై వేల సీసాలు. అల్లుడు మొత్తం సరుకు ఒక పెద్ద దుకాణాల సంస్థకు అంటగట్టాలని మాట్లాడుకుని వచ్చాడు. పెన్సిలాయన కాలమ్ లో మంచిమాట పడితే కొంటామన్నారు వాళ్ళు.

పైవాలు తోటలో కొన్ని వరసలు వానకు ముందే కోసేశారు. ఆ పళ్ళతో చేసింది రెండు చిన్న పీపాలు. వాటిలోది మాత్రం వేరే సంగతి, చిక్కటి వైన్.

ఆ మంగళవారం కిందికి దిగినప్పుడు అక్క గ్లాసు తిప్పి ఒకటికి రెండుసార్లు వాసన చూసిందట. తర్వాత అంది, "అమ్మ బీరువా. పై అర."

చెల్లెలు రాయలేకపోయింది. అమ్మ పై అర మీద కుట్టని బట్టల తానులుండేవి, వాటి మధ్య కాగితంలో చుట్టిన సబ్బుబిళ్ళ ఉండేది, వెనక పాత చెక్క. పిల్లలు స్టూలెక్కి తల లోపల పెట్టి పీల్చేవాళ్ళు, అమ్మ వచ్చి దింపి వీపు మీద ఒకటిచ్చేదాకా. ఇన్నేళ్ళ మంగళవారాల్లో అక్క ఆ అర జోలికి ఎప్పుడూ పోలేదు. ఇద్దరూ పీపాల మధ్య నిలబడి కళ్ళు తుడుచుకున్నారు. పైకి వెళ్ళి ఆమె తన జన్మలో అంత మంచి లేబుల్ రాయలేదనిపించేటట్టు రాసింది. తర్వాత మెట్ల మీద నిలబడి మామూలుగానే అడిగింది. మామూలుగానే జవాబు వచ్చింది.

"నేనా మాటని ఎన్నిసార్లు నెమరేసుకున్నానో లెక్కలేదు. గొంతు వణికిందా, ఆలస్యమైందా, మాట తడబడిందా అని. ఏమీ లేదు. అచ్చం ఎప్పటిలాగే. అదే నన్ను చంపేసింది. అప్పటిదాకా చెప్పిన ఒకటేలన్నిటికీ దీనికీ తేడా తెలీకపోతే, వాటినిప్పుడు నేనేం చేసుకోవాలి?"

కాలమ్ వచ్చింది. పెన్సిలాయన అంత మెచ్చుకుని రాయడం ఎవరూ ఎరగరు. చివర్లో ఆమె చీటీలోని వాక్యాన్ని ఉన్నదున్నట్టు వేసి, ఈ సంతకాన్ని నేను నమ్ముతాను, మీరూ నమ్మండి అని రాశాడు. సరుకంతా వారంలో కదిలిపోయింది. అల్లుడు ఆఫీసులో అందరికీ కేకు కోయించాడు. ఆమె ఆ కాలమ్ కత్తిరించి అక్కకు చూపిస్తే, అక్క కళ్ళజోడు తేలేదంది.

మూడు వారాల తర్వాత పెన్సిలాయన వచ్చాడు. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి. చంకలో గుడ్డసంచి, బస్సు దిగి నడిచి వచ్చాడు, బూట్ల నిండా దుమ్ము. ఇంత పొట్టివాడా అనుకుందట ఆమె. సంచిలోంచి రెండు సీసాలు తీసి తెల్లగుడ్డ మీద పెట్టాడు. ఒకటి ఆమె పంపింది, సగం ఉంది. రెండోది తాను దుకాణంలో కొన్నది. పాఠకులు వరసగా ఉత్తరాలు రాస్తుంటే కొని చూశానన్నాడు. రెండు గ్లాసుల్లో పోసి ఆమె ముందుకు జరిపాడు.

"చూసి చెప్పండమ్మా. మీరే చెప్పండి, నేను రాసుకుంటాను" అన్నాడు.

రెండూ ఎర్రగానే ఉన్నాయి. ఒకటి కొంచెం పలచనేమో, కిటికీ వెలుగులో అదీ తేల్చుకోలేకపోయింది. అంతమందికి ఆ బల్ల మీద వంచిపోసిన మనిషి, ఏనాడూ ఎత్తని గ్లాసు ఎత్తింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏముంటుంది? గాజు చల్లగా తగిలింది. అంతే. అల్లుడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆమె గ్లాసు దించి, కిందనుంచి అక్కను పిలిపించమంది. అప్పటికింకా అక్క వచ్చి ఏదో పొరపాటు జరిగిందని చెప్తుందని, పెట్టెలు తారుమారయ్యాయని చెప్తుందని ఆమె నమ్మకం.

అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మొదటి గ్లాసు వాసన చూసింది. రెండోది చూసింది. "రెండూ ఒకటే" అంది.

ఆ క్షణాన చెల్లెలు చూసింది అక్క ముఖం కాదు, పెన్సిలాయన ముఖం. అతను అక్కను చూస్తున్నాడు, కళ్ళెదుట దొంగతనం చూసిన మనిషిలాగా. ఆ చూపే ఆమెకు వాసన. ముక్కుకు తెలియనిది అతని ముఖంలో తెలిసింది. రెండూ ఒకటి కాదు. అక్కకు తెలుసు. మంగళవారం నాడే తెలుసు.

పెన్సిలాయన అక్కను వదిలేసి ఈమె వైపు తిరిగాడు. "సంతకం మీదండీ. ఆవిడది కాదు. మీరు చెప్పండి."

ఒకటే అనొచ్చు, అక్క నిలుస్తుంది. వేరు అనొచ్చు, అప్పుడది ఊహ అవుతుంది, ఇంకో అబద్ధం అవుతుంది. ఆమె దగ్గర మిగిలిన నిజం ఒక్కటే ఉంది. "నాకు వాసన తెలీదండీ. జ్వరమొచ్చి పోయింది. ఇరవై ఒక్కేళ్ళయింది" అంది.

గుమ్మంలో అల్లుడు నవ్వాడట, వెటకారంగా కాదు, అర్థంకాక. పెన్సిలాయన మాత్రం "మోసం చేశామని చెప్పినా ఇంతకంటే బాగుండేదమ్మా" అని, సీసాలకు బిరడాలు పెట్టుకుని వెళ్ళిపోయాడు. చీటీ ఒక్కటీ విప్పి బల్ల మీద వదిలేశాడు.

తర్వాతి ఆదివారం అతను పాఠకులకు క్షమాపణ చెప్పుకున్నాడు. ఆమె గురించి ఒక్క మాట కూడా రాయలేదు. అలా మేలే చేశాడో, కీడే చేశాడో ఆమెకు ఇప్పటికీ తేలలేదు. కంపెనీ మాత్రం రాసింది. ప్రచార విభాగం పెద్ద తన అనారోగ్యాన్ని దాచిపెట్టి యాజమాన్యాన్ని, వినియోగదారులను తప్పుదోవ పట్టించారని పత్రికలన్నిటికీ నోటు పంపింది. అందులో జ్వరం వచ్చిన నెల ఉంది, పదకొండు రోజులని ఉంది, డాక్టరు ఏమన్నాడో ఉంది. ఆమె ఆ గదిలో చెప్పింది జ్వరమని మాత్రమే. రోజుల లెక్క ఆమె మంచం పక్కన కూర్చుని తడిగుడ్డ వేసిన మనిషికి తప్ప ఎవరికీ తెలియదు.

"ఆ నోటులో ఒక వాక్యానికి కర్త లేడు. ఏడుస్తూనే ఎర్ర సిరాతో దిద్దాను. నన్ను తీసిపారేసే నోటు కూడా నేనే బాగుచెయ్యాల్సొచ్చింది, చూడు" అని ఆమె టీ వడకట్టింది.

అక్కతో మాట్లాడింది ఒక్కసారే, సామాను సర్దుకుని మెట్లు దిగుతుంటే. అక్క కింది మెట్టు మీద అడ్డంగా కూర్చుని ఉంది. అల్లుడు నేలమాళిగ మూసి, ఆ స్థలాన్ని గోడౌనుకు అద్దెకిస్తానన్నాడనీ, కింద పనిచేసే పదిహేడుమంది ఏమైపోతారనీ చెప్పుకొచ్చింది. అవన్నీ నిజమే అయి ఉంటాయి. చెల్లెలు అడిగింది ఒకటే. మిగతావాళ్ళ కోసం అబద్ధమాడితే ఆడావు, ఆ మాట నాతోనే ఎందుకు చెప్పించావు అని.

"నీకు వాసన తెలిసుంటే నేనీ పని చేసేదాన్ని కాదే" అంది అక్క.

"అంటే తప్పు నా ముక్కుదన్నమాట."

అక్క పక్కకు జరిగి దారి ఇచ్చింది. నాలుగేళ్ళయింది.

ఇప్పుడామె ఇంట్లో కూర్చుని నీళ్ళ మోటార్లకు కరపత్రాలు రాస్తుంది. మోటారుకు వాసన ఉండదు, హాయి అంటుంది. గోడవార పెట్టెలో పాత లేబుళ్ళన్నీ ఉన్నాయి గానీ తీసి చూపించమంటే తీయలేదు. తాను రాసినవేవీ అబద్ధాలు కావంటుంది ఒకసారి, ఏవి అబద్ధాలో తనకెలా తెలుస్తుందంటుంది ఇంకోసారి. అమ్మ బీరువా సంగతి మాత్రం వాదిస్తుంది. ఆ చిన్న పీపాలో ఉన్నది నిజంగా అదే అయి ఉంటుందట. వాసన విషయంలో అక్క అబద్ధమాడదు. అబద్ధమాడింది సీసాల విషయంలో. ఈ రెంటికీ మధ్య గీత గీసుకుని దానిమీద ఆమె నాలుగేళ్ళుగా నిలబడి ఉంది, కాళ్ళు నొప్పి పెడుతున్నా.

"నలభై వేల ఇళ్ళల్లోకి అమ్మ బీరువా అని చెప్పి ఇంకేదో పంపించాను. అది చాలదన్నట్టు, ఆ ఇంకేదో ఏమిటో నాకిప్పటికీ తెలీదు. నా సంతకం దేనికింద ఉందో నాకు తెలీదంటే నమ్ముతావా?"

టీ చల్లారింది. వినడానికి వచ్చిన మనిషి లేచి, రేపు కొండవాలుకు వెళ్ళి పెద్దమ్మాయిని కూడా కలవాలనుకుంటున్నట్టు చెప్పాక, ఆమె తీస్తున్న గ్లాసులు అక్కడే వదిలేసింది. వెనకే తలుపు దాకా వచ్చింది.

"వెళ్ళు. నేను బాగున్నానని చెప్పకు, బాలేనని కూడా చెప్పకు. క్షమాపణలవీ మోసుకు రాకు, నాకొద్దు. ఒక్కటడుగు. ఆ ఏడు దుకాణాలకి పంపిన వైన్ ఏం వాసనేసిందో అడుగు. పెన్సిలాయన్ని అడిగితే పళ్ళ పేర్లు చెప్తాడు, వాటితో నాకేం పని? మా ఇంట్లోంచే ఏదో ఒకటి తీసి చెప్పాలి, అది అక్కకే చేతనవును. చెప్పింది చెప్పినట్టు రాసుకురా. నమ్ముతానో లేదో నా ఇష్టం. నువ్వు మాత్రం మాట బాగుండాలని ఏమీ దిద్దకు."